భగీరథ నల్లా వచ్చింది, బోరు పైపు ఇంకా ట్యాంకుకే ఉంది: ఫ్లోరైడ్ ఊర్లో ముందుగా ఏం చేయాలి?

వార్డు నాలుగు
అందరికీ నమస్తే. మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ దిక్కు ఊరు. ఇంటింటికి మిషన్ భగీరథ నల్లా, అంటే సర్కారు నది నీళ్ల నల్లా, ఉన్నది. పాత బోరు పైపు మాత్రం ఇప్పటికీ అదే ఓవర్‌హెడ్ ట్యాంకుకు కలిసి ఉన్నది. పైనుంచి నీళ్లు రాని రోజు బోరు మోటరు ఏస్తరు. బోరు నీళ్ల రిపోర్టు ఇట్లున్నది: లీటరుకు ఫ్లోరైడ్ 3.8 మిల్లీగ్రాములు, టీడీఎస్ (నీళ్లల్ల కరిగిన లవణాల మొత్తం) 940, ఆల్కలినిటీ (నీళ్ల క్షార గుణం) 420, పీహెచ్ (పులుపు-క్షారం కొలత) 7.9. సగం ఇండ్లోళ్లు ఆర్‌ఓ ప్లాంటుల వడగట్టిన నీళ్లు కొంటున్నరు.

గ్రామసభల మూడు మాటలు వినవడుతున్నయి. నది నీళ్లల్ల కొంచెం బోరు కలిస్తే ఏం కాదని ఒకరు, నీళ్లు కాగబెట్టి పటిక తిప్పితే చాలని ఇంకొకరు, ఫ్లోరైడ్ పోయింది ఇగ దాని ముచ్చటే వద్దని మరొకరు. ఏది నిజం? ముందుగాల ఏం చెయ్యాలె? లెక్కతోని చెప్పుండ్రి.

పైపులైను
తమ్ముడూ, ముందు ఆ బోరు పైపు సంగతి చూడండి. మిగతావన్నీ దాని తర్వాతే. గేట్ వాల్వ్ తిప్పి "బంద్ చేసినం" అంటే బంద్ అయినట్టు కాదు. పాత గేట్ వాల్వ్ అడుగున గాడిలో ఇసుక, తుప్పు చేరితే పలక పూర్తిగా దిగదు. మోటరు వేసిన ప్రతిసారీ సన్నగా లీకవుతూనే ఉంటుంది. నాన్ రిటర్న్ వాల్వ్ నీళ్లను వెనక్కి పోకుండా ఆపుతుందే గాని, ట్యాంకులోకి వచ్చేదాన్ని ఆపదు. ట్యాంకు ఇన్‌లెట్ దగ్గర బోరు పైపును కనీసం ఒక అడుగు ముక్క కోసి తీసేయాలి. జీఐ పైపైతే రెండు చివర్లా ఎండ్ ప్లగ్, ఫ్లాంజ్ ఉంటే బ్లాంక్ ఫ్లాంజ్, పీవీసీ అయితే ఎండ్ క్యాప్ వేయాలి. ఎవరో రాత్రిపూట వాల్వ్ తిప్పడానికి అక్కడ వాల్వే ఉండకూడదు.

కోసిన బోరు లైనును బట్టలుతికే చోటుకు, గుడి ముందు కాళ్లు కడుక్కునే తొట్టికి, పంచాయతీ నర్సరీకి తిప్పండి. ఫ్లోరైడ్ ఎక్కువున్న చేతిపంపులకు ఎర్ర రంగు వేసి, "తాగడానికి, వంటకు పనికిరాదు" అని రాయించండి. వంట అనే మాట వదిలేయొద్దు.

పైనుంచి నీళ్లు రాని రోజు ఏం చేయాలనేది అసలు చిక్కు. దానికి బోరు జవాబు కాదు, నిల్వ జవాబు. మనిషికి తాగడానికి, వంటకు కలిపి రోజుకు 8 లీటర్లు లెక్క వేయండి. ఐదుగురున్న ఇంటికి రెండు రోజులకు 80 లీటర్లు. మూత ఉన్న డ్రమ్ము ఒకటి సరిపోతుంది. ఒక్కో ఇంటికి కావలసింది ఆ మాత్రమే. స్నానానికి, బట్టలకు బోరు నీళ్లు వాడుకోవచ్చు. ఫ్లోరైడ్ చర్మం గుండా ఒంట్లోకి పోయి హాని చేయదు.

కెమిస్ట్రీ సార్
కలిపితే ఏం కాదు అన్న మాటకు లెక్క చెప్తాను. నల్లాలో వచ్చే నది నీటి ఫ్లోరైడ్ 0.4 అనుకుందాం. మీ బోరు 3.8. కలిపిన నీళ్లు 1.0 దాటకూడదంటే బోరు వాటా వందకు 17-18 మించకూడదు. 60 వేల లీటర్ల ట్యాంకులో సుమారు పదివేల లీటర్లు. కాగితం మీద బాగానే ఉంది. కానీ నల్లా నీళ్లు సగమే వచ్చిన రోజు వాచ్‌మన్ మిగతా సగం బోరుతో నింపుతాడు. ఆ రోజు ట్యాంకులో 2.1 ఉంటుంది. ఎండాకాలంలో నీటిమట్టం దిగితే 3.8 అక్కడే నిలబడుతుందన్న హామీ లేదు. కాబట్టి కలపడం వద్దు.

కాగబెట్టడం అంతకంటే చెడ్డది. క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ ఎక్కడికీ పోదు. నీళ్లు ఆవిరైన కొద్దీ గాఢత పెరుగుతుంది.

ఇప్పుడు ఒక ముఖ్యమైన పరీక్ష. చేతిలో పట్టుకునే టీడీఎస్ మీటరు ఫ్లోరైడ్‌ను కొలవదు. ప్లాంటువాళ్లు దాన్ని చూపించి "ఫ్లోరైడ్ లేదు" అంటే నమ్మొద్దు. కానీ మీ ఊర్లో కలగలుపును పట్టడానికి అదే పనికొస్తుంది. బోరు మోటరు ఒక రోజంతా ఆపి ట్యాంకు ఖాళీ చేసి, నది నీళ్లు మాత్రమే నింపి, చివరి వీధి నల్లాలో టీడీఎస్ చూసి రాసుకోండి. మీ బోరుది 940. నది నీళ్లది దానికంటే చాలా తక్కువ ఉంటుంది. మామూలు రోజుల్లో అదే నల్లాలో అంకె పైకి ఎగబాకిందంటే బోరు కలుస్తున్నట్టే. వారానికోసారి, పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి, మూడు నల్లాల దగ్గర రాస్తే చాలు.

ఫ్లోరైడ్‌కు మాత్రం ల్యాబే. సీసాలు గాజువి వద్దు, ప్లాస్టిక్‌వి అర లీటరువి తీసుకోండి. అదే నీళ్లతో మూడుసార్లు కడగాలి. నల్లా అయితే రెండు మూడు నిమిషాలు, బోరు అయితే పది నిమిషాలు నీళ్లు వదిలాకే పట్టాలి. ఆమ్లం కలపనక్కర్లేదు. 28 రోజుల దాకా నమూనా చెడదు. సీసా మీద చోటు, తేదీ, గంట, ఆ సమయానికి బోరు మోటరు నడుస్తోందా లేదా అన్నది రాయండి. ఆ ఆఖరిది రాయని రిపోర్టుతో ఏ నిర్ణయమూ తీసుకోలేం. ట్యాంకు దగ్గర ఒకటి, లైను చివరి ఇంటి దగ్గర ఒకటి, బడిలో ఒకటి తప్పనిసరి.

చేనుగట్టు
1.5 దాకా పర్వాలేదని అంటరు గద సార్, మరి 1.0 లెక్క ఎందుకు పట్టుకున్నరు? రెండింట్ల ఏది నమ్మాలె?

కెమిస్ట్రీ సార్
భారత ప్రమాణం ఐఎస్ 10500లో రెండు అంకెలున్నాయన్నా. 1.0 అంగీకార పరిమితి. 1.5 అనేది వేరే నీటి వనరు లేనప్పుడు మాత్రమే ఒప్పుకునే హద్దు. నది నీళ్లు ఇంటికి వచ్చిన ఊర్లో "వేరే వనరు లేదు" అనే మాట చెల్లదు. నల్లా వచ్చాక లెక్క కూడా మారాలి.

పళ్ల డాక్టరు
ఇంకో కారణం మన ఎండ. చల్లటి దేశంలో మనిషి తాగే నీళ్లు వేరు, మేలో కూలీకో, రాళ్ల పనికో పోయే మనిషి తాగే నీళ్లు వేరు. 5 లీటర్లు తాగితే 1.5 దగ్గర కూడా 7.5 మిల్లీగ్రాములు. మీ బోరు నీళ్లయితే 19. దీనికి అన్నం కలపండి. కిలో బియ్యానికి రెండున్నర లీటర్ల బోరు నీళ్లు పోసి గంజి వార్చకుండా వండితే దాదాపు 9.5 మిల్లీగ్రాములు ఆ అన్నంలోనే ఉండిపోతాయి. "తాగడానికి ప్లాంటు క్యాన్, వంటకు బోరు" అనే అలవాటు ఫ్లోరోసిస్‌ను (ఫ్లోరైడ్ వల్ల పళ్లు, ఎముకలు చెడే రోగాన్ని) పూర్తిగా ఆపదు. అంగన్‌వాడీ, బడి మధ్యాహ్న భోజనం ఏ నీళ్లతో వండుతున్నారో మొట్టమొదట అడగండి. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు అన్ని దారుల్లో కలిపి రోజుకు 2.2 మిల్లీగ్రాములు పై హద్దుగా పోషకాహార నిపుణులు పెట్టారు. మీ బోరు నీళ్లు అర లీటరుకు కొంచెం ఎక్కువ తాగితేనే ఆ హద్దు దాటుతుంది.

"ఫ్లోరైడ్ పోయింది" అన్న మూడో మాటకు నా జవాబు: పోయిందో లేదో పిల్లల పళ్లే చెప్తాయి, కానీ ఆలస్యంగా. పంటి పింగాణీ చిగురు లోపల తయారయ్యేటప్పుడే గార పడుతుంది. ముందు పళ్లకు మొదటి మూడేళ్లు కీలకం, మిగతా పళ్లకు ఎనిమిదేళ్ల దాకా. ఇప్పటికే గారపళ్లున్న పదిహేనేళ్ల పిల్లకు నీళ్లు మార్చినా ఆ మచ్చ పోదు. అది చూసి "నీళ్లు మారినా ఏం లాభం" అనడం తప్పు. 2018లో నల్లా నీళ్లు మొదలైన ఊర్లో, ఆ ఏడు పుట్టిన పిల్లలకు శాశ్వత ముందు పళ్లు 2024-26 మధ్య వస్తాయి. వాళ్ల పళ్లు తెల్లగా ఉన్నాయా లేదా అన్నదే మీ ఊరి నిజమైన రిపోర్టు. రెండో తరగతి పిల్లలను ఏడాదికోసారి వెలుతురులో నిలబెట్టి చూడండి. పుట్టిన ఏడు, ఏ వీధి, ఏ నీళ్లు తాగి పెరిగారు అనే మూడు గడులు రాస్తే చాలు.

అంతకంటే తొందరగా తెలియాలంటే మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష. నీళ్లు మారిన కొన్ని వారాల్లోనే అది తగ్గడం మొదలవుతుంది. ఎముకలో చేరింది మాత్రం ఏళ్ల తరబడి నెమ్మదిగా బయటికి వస్తుంది. అందుకే పెద్దవాళ్ల మూత్రంలో నీళ్లు మారాక కూడా కొంతకాలం ఎక్కువే కనబడొచ్చు.

పాతబావి
ఈ విషయంలో చరిత్రను కూడా లెక్కలోకి తీసుకోవాలి. లేకపోతే ఇప్పుడు చేసే మార్పు కూడా అదే దారి పడుతుంది.

గారపళ్లకు కారణం ఫ్లోరైడ్ అని రుజువైంది 1931లో. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్‌ను అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో చూసి షార్ట్ అనే పరిశోధకుడి బృందం 1937లో ప్రచురించింది. అంటే బోరు యంత్రాలు మన పల్లెల్లోకి దిగడానికి ముప్పై నలభై ఏళ్ల ముందే విషయం తెలుసు. అయినా 1970, 80లలో ఊరూరా బోర్లు ఎందుకు దించారు? ఎవరో దుర్మార్గంతో చేసింది కాదది. అప్పటి లెక్క క్రిముల మీద. దిగుడు బావిలో మనుషులు కాళ్లు పెట్టి నీళ్లు ముంచుకుంటే నారికురుపు (కాలి పుండులోంచి దారంలాంటి పురుగు బయటికొచ్చే రోగం) వచ్చేది. బావి మూసి చేతిపంపు పెట్టడం ఆ రోగానికి సరైన మందు, ఆ మందు పనిచేసింది కూడా. దేశంలో ఆఖరి నారికురుపు కేసు 1996లో వచ్చింది, 2000లో దేశం దాని నుంచి బయటపడ్డట్టు ధ్రువీకరించారు. అంత గొప్ప పని చేసిన బోరే మన గ్రానైటు నేలలో రెండో రోగాన్ని పైకి తోడింది. బోరు దించిన చోట క్రిములను చూశారు, ఫ్లోరైడ్‌ను చూడలేదు.

మన రాయి సంగతి కూడా చెప్పాలి. గ్రానైటు, నీస్ రాళ్లలోని ఫ్లోరైట్, బయొటైట్, అపటైట్ ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. నీటిలో బైకార్బొనేటు, సోడియం ఎక్కువై కాల్షియం తగ్గితే అది ఇంకా బాగా కరుగుతుంది. వాన తక్కువ, ఆవిరి ఎక్కువ. లోతు పెరిగిన కొద్దీ నీరు రాతిలో ఎక్కువ కాలం నిలుస్తుంది. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు పొలాలకు పారింది. మునుగోడు, మర్రిగూడ, దేవరకొండ మెట్ట ఊర్లు బోరు మీదే మిగిలాయి. నల్లగొండ ప్రాంతపు పిల్లల్లో మోకాళ్లు లోపలికి వంగే వ్యాధిని హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో రాశారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది పోటీ చేశారు, వాళ్లలో చాలామంది నిలబడింది ఈ నీళ్ల కోసమే. చౌటుప్పల్‌లో భగీరథ పైలాన్ 2015లో లేచింది. తెలిసిన రోజుకూ నల్లా వచ్చిన రోజుకూ మధ్య మూడు తరాల ఎముకలు వంగాయి.

కాబట్టి నా అభిప్రాయం ఇది. ఇప్పుడు బోరు నుంచి నదికి మారుతున్నాం. ఈసారి ఫ్లోరైడ్ ఒక్కటే చూసి క్రిములను మరిచిపోతే మళ్లీ అదే తప్పు. నది నీటికి క్లోరిన్ కావాలి. లైను చివరి నల్లాలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. ఫ్లోరైడ్ పుస్తకంలోనే క్లోరిన్‌కూ ఒక గడి గీయండి.

పాలమూరు పిల్ల
పాతబావి గారూ, నారికురుపు మాట ఇప్పటిదాకా ఈ చర్చల్లో ఎవరూ తేలేదు, మంచి పని చేశారు. నారాయణపేట దిక్కు మా ఊర్లో క్లోరిన్ వాసన వల్లే జనం నల్లా వదిలి ప్లాంటుకు పోతున్నారు. నీళ్లు బిందెలో పట్టి, పలుచటి గుడ్డ కట్టి గంటసేపు ఉంచితే వాసన తగ్గిపోతుంది. ఈ ఒక్క మాట ఇల్లిల్లూ తిరిగి చెప్పే ఆశా వర్కర్ ఉంటే చాలు.

ఒక ప్రశ్న. మా బడిలో యాక్టివేటెడ్ అల్యూమినా ఫిల్టరు ఒకటి మూలన పడి ఉంది. వాడొచ్చా?

కెమిస్ట్రీ సార్
అమ్మా, అది ఫ్లోరైడ్‌ను బాగానే పట్టుకుంటుంది, కానీ నిండేదాకే. నిండిందని రంగు, రుచి ఏదీ చెప్పదు. పీహెచ్ 5.5-6 దగ్గర బాగా పనిచేస్తుంది, మన బోరు నీళ్లు 8 దగ్గర ఉంటాయి, బైకార్బొనేటు కూడా ఎక్కువ. అందుకే చెప్పినదానికంటే త్వరగా నిండుతుంది. నిండాక కాస్టిక్ సోడా ద్రావణంతో కడిగి, తర్వాత పల్చటి సల్ఫ్యూరిక్ ఆమ్లంతో సరిచేయాలి. అది బడిలో చేసే పని కాదు. ఆ కడిగిన నీళ్లలో ఫ్లోరైడ్ దండిగా ఉంటుంది. నల్లా ఉన్న బడికి ఆ ఫిల్టరు అవసరం లేదు.

వార్డు నాలుగు
పైపు కోసుడు ఖాయం చేస్తం. నల్లా ఇంకా పోని తండా ఒకటున్నది, ఆడ బోరే దిక్కు. పైపు పోయేదాక పటికతోని చెయ్యొచ్చా? నల్లగొండ పేరు మీదనే పద్ధతి ఉన్నదంటరు గద.

కెమిస్ట్రీ సార్
ఉంది. నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో రూపొందించింది. సరిగ్గా చేస్తే పనిచేస్తుంది. బిందెలో పటిక గడ్డ నాలుగు చుట్లు తిప్పడం మాత్రం బురద తేర్చడానికే, ఫ్లోరైడ్‌కు ఆ మోతాదు ఏ మూలకూ చాలదు.

మీ బోరు అంకెలకు (ఫ్లోరైడ్ 3.8, ఆల్కలినిటీ 420) లీటరుకు సుమారు 500 మిల్లీగ్రాముల పటిక కావాలి. తండా బోరు వేరైతే దాని రిపోర్టు తెప్పించి మోతాదు మార్చాలి, ఇదే వాడొద్దు. 100 గ్రాముల పటిక పొడి చేసి నీళ్లలో కరిగించి మొత్తం లీటరు చేసుకోండి. ఇంకో సీసాలో 10 గ్రాముల మంచి సున్నం లీటరు నీళ్లలో కలపండి, వాడే ముందు ప్రతిసారీ బాగా ఊపాలి.

20 లీటర్ల ప్లాస్టిక్ బకెట్. అడుగు నుంచి నాలుగు సెంటీమీటర్ల ఎత్తున చిన్న ట్యాప్. ముందు సున్నం నీళ్లు 50 మిల్లీలీటర్లు, చిటికెడు కంటే తక్కువ బ్లీచింగ్ పౌడరు వేసి కలపాలి. తర్వాత పటిక నీళ్లు 100 మిల్లీలీటర్లు. మొదటి నిమిషం వడిగా, ఆపైన పది నిమిషాలు మెల్లగా, ఒకే దిక్కుకు తిప్పాలి. దూది పింజల్లా తెట్టె కట్టడం కనబడుతుంది. అక్కడ తొందరపడి గిరగిరా తిప్పితే ఆ తెట్టె విరిగిపోతుంది, మళ్లీ కట్టదు. గంట కదిలించకుండా వదిలి, ట్యాప్ నుంచి దట్టమైన గుడ్డ మీదుగా పట్టుకోవాలి. రాత్రంతా వదిలితే ఇంకా మంచిది.

ఎక్కడ చెడుతుందంటే: పటిక తగ్గితే ఫ్లోరైడ్ మిగులుతుంది. సున్నం మరిచిపోతే పీహెచ్ పడిపోయి పటికలోని అల్యూమినియం నీళ్లలోనే కరిగి ఉంటుంది. దానికి హద్దు లీటరుకు 0.03 మిల్లీగ్రాములు, వేరే నీళ్లు లేకపోతే మహా అయితే 0.2. సున్నం ఎక్కువైనా అల్యూమినియం కరుగుతుంది, ఫ్లోరైడ్ సరిగా దిగదు. పీహెచ్ కాగితంతో 6.5-7.5 మధ్య ఉందో చూడండి. 500 పటిక వేస్తే సల్ఫేటు 240 దాకా పెరుగుతుంది. ముందే సల్ఫేటు ఎక్కువున్న నీళ్లయితే కడుపు కదులుతుంది. టీడీఎస్ 1500 దాటిన నీళ్లకు ఈ పద్ధతి వద్దు.

ఇంకొకటి, చాలామంది మోసపోయేది ఇక్కడే. పటిక వేసిన నీళ్లను రంగు మారే ఫీల్డ్ కిట్‌తో పరీక్షిస్తే ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. మిగిలిన అల్యూమినియం ఫ్లోరైడ్‌ను పట్టుకుని ఉంటుంది, రంగుకు దొరకనివ్వదు. ల్యాబులో ఎలక్ట్రోడ్ పద్ధతిలో, అల్యూమినియంను విడదీసే బఫరు కలిపి కొలవమని అడగండి.

అడుగున చేరిన తెట్టెను బావి పక్కన, కూరగాయల మడిలో పోయొద్దు. గుంత తవ్వి, అడుగున మందపాటి ప్లాస్టిక్ పరిచి ఎండబెట్టాలి.

ప్లాంటు
ఆర్‌ఓ గురించి నడిపేవాళ్ల వైపు నుంచి చెప్తాను. మెంబ్రేన్ (వడపోత పొర) మంచిగా ఉన్నప్పుడు 3.8ను 0.3 దగ్గరికి తెస్తుంది. కానీ వెయ్యి లీటర్లకు 500 మంచినీళ్లు వస్తే మిగతా 500లో ఫ్లోరైడ్ 7.3 దగ్గరుంటుంది. చాలా చోట్ల ఆ నీళ్లు ప్లాంటు వెనక గుంతలోకి పోతాయి, అదే బోరు చుట్టూ ఇంకుతాయి. నది నీళ్లు ఉన్న ఊర్లో బోరు నీళ్లతో ప్లాంటు నడపడానికి అర్థం లేదు. నడిపినా రుచి కోసం ముడి నీళ్లు కొంచెం కలిపే బైపాస్ వాల్వ్ ఉందేమో చూడండి. చాలా ప్లాంట్లలో ఉంటుంది. అది తెరిచి ఉంటే మెంబ్రేన్ ఎంత మంచిదైనా క్యాన్‌లో ఫ్లోరైడ్ వస్తుంది. మూడు నెలలకోసారి క్యాన్ నీళ్ల ఫ్లోరైడ్ రిపోర్టు ప్లాంటు గోడ మీద అంటించమని పంచాయతీ తీర్మానం చేయొచ్చు.

చేనుగట్టు
నొప్పులతోని ఉన్న పెద్దోళ్లకు తిండి ఏమన్న ఉన్నదా డాక్టరమ్మా?

పళ్ల డాక్టరు
ఎముకలో చేరినదాన్ని కరిగించే మందు లేదు. కొత్తది చేరకుండా, చేరింది మెల్లగా పోయేలా చూడాలి. పాలు, మజ్జిగ, రాగులు, మునగాకు ద్వారా కాల్షియం, ఉసిరి, జామ ద్వారా సి విటమిన్ అందాలి. చింతపండు మీద పోషకాహార సంస్థవాళ్లు 2002లో ప్రచురించిన పరిశోధనలో, రోజుకు 10 గ్రాములు 18 రోజులు తిన్న బడిపిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువ బయటికి పోయింది. చింతపండు చారు మానొద్దు. కానీ ఆ చారు బోరు నీళ్లతో కాస్తే ఏ ప్రయోజనమూ లేదు. పాలు లేని డికాక్షన్, నల్ల ఉప్పు, వక్క, పొగాకు తగ్గించాలి, వీటిలోనూ ఫ్లోరైడ్ ఉంటుంది.

ఇంటి దగ్గర చేసే పరీక్షలు మూడు: మోకాళ్లు వంచకుండా కింద పడ్డ రూపాయి తీయడం, గడ్డం ఛాతీకి ఆనించడం, రెండు చేతులు తల వెనక్కి పెట్టడం. ఇవి చేయలేకపోతే అదే ఫ్లోరోసిస్ అని కాదు, కీళ్లవాతమూ కావొచ్చు. జిల్లా ఆస్పత్రిలో ముంజేయి ఎక్స్‌రే, మూత్ర పరీక్ష చేయించాలి. రెండు ఎముకల మధ్య పొర గట్టిపడటం ఎక్స్‌రేలో తెలుస్తుంది. నొప్పి గోలీలు ఏళ్ల తరబడి మింగితే కిడ్నీలు దెబ్బతింటాయి. ఫ్లోరైడ్ బయటికి పోయేది ఆ కిడ్నీల గుండానే.

వార్డు నాలుగు
అందరికీ దండాలు. ఈ గ్రామసభల బోరు పైపు కోసుడు, బడి, అంగన్‌వాడీ వంట నీళ్లు, ట్యాంకు-చివరి ఇల్లు-బడి నమూనాలు పెడుతున్న. తండాకు వేరే రిపోర్టు తెప్పిస్త. ఆఖరు ప్రశ్న: కోసిన బోరు నీళ్లు పశువుల తొట్టికి ఇడవొచ్చా?

పైపులైను
వద్దు తమ్ముడూ. పశువులకూ ఫ్లోరోసిస్ వస్తుంది. పళ్లు అరిగి మేత నమలలేవు, కాళ్లు పట్టేస్తాయి. తొట్టికి ట్యాంకు ఓవర్‌ఫ్లో పైపు నుంచి ముప్పావు అంగుళం లైను లాగి, ఫ్లోట్ వాల్వ్ పెట్టండి. ఓవర్‌ఫ్లో రాని రోజుకు చెరువు దగ్గర ఉంటే చెరువు నీళ్లు. తొట్టిని పదిహేను రోజులకోసారి ఖాళీ చేసి సున్నం కొట్టించండి.